ఓలమ్మా, ఇదీ అచ్చుతప్పేనా?

అచ్చుతప్పులకి ముద్రారాక్షసాలని పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకి దణ్ణం పెట్టాలి. విశాఖదత్తుడి నాటకాన్ని తీసుకొచ్చి ప్రెస్సులో కూర్చోబెట్టాడు! సీసం అక్షరాలు పేర్చే రోజుల్లో ఒత్తులు ఊడిపోయేవి. కంప్యూటరొచ్చాక గుణింతాలు ఎగిరిపోతున్నాయి. పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక వేస్తే రాక్షసుడు సగం చచ్చినట్టే. (ఆ పట్టిక చూసి, పెన్సిలుతో దిద్దుకుని మరీ కథ మొదలుపెట్టేవాళ్ళని నేనెరుగుదును. మనకేమో చివరి పేజీలో పెళ్ళయిందో లేదో చూసుకోవడంతోనే సరి.)

నాకు ఈ రాక్షసుల భయం లేదు. తప్పు కానిదాన్ని దిద్దే మంచివాళ్ళంటేనే భయం.

ఒక వారపత్రికలో నా నవల సీరియల్‌గా వచ్చింది. అందులో పలాస పక్క ముసలమ్మ చేత "ఓలమ్మా, ఏటిది, గుంట ఇంకా రానేదేటి?" అనిపించాను. అచ్చులో "ఓ అమ్మా, ఏమిటిది, అమ్మాయి ఇంకా రాలేదేమిటి?" అని వచ్చింది. ఒక్క అక్షరం తప్పు లేదు! గుంటంటే వాళ్ళకి గొయ్యి మరి. గొయ్యి ఎక్కణ్ణించి వస్తుంది పాపం! మా మేనత్త కళ్ళజోడు పెట్టుకుని చదివి, "ఈ ముసిల్ది ఏ ఊరు మనిసే? మన పక్క మనిసి కాదు" అంది. నా నోట మాట రాలేదు. ఆ ముసలమ్మ మాటంతా నేను ఎరువు తెచ్చుకున్నది మా అత్త నోటినుంచే.

ఫోన్ చేస్తే, "పాఠకులకి అర్థం కావాలి కదండీ మేడమ్" అన్నారు.

మా జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఇంతకంటే గట్టివాళ్ళతో పోట్లాడారు. గ్రాంథికమే ఒప్పు, నోటిమాట తప్పు అన్న పండితుల పుస్తకాలనే ముందేసుకుని, వాళ్ళ వ్యాకరణం ప్రకారమే వాళ్ళ దోషాలు ఏరి చూపించారు. ఒక పుస్తకానికి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అని పేరు పెట్టారు. భిషక్కంటే వైద్యుడు, భేషజమంటే మందు. తెలుగులో భేషజమంటే డాబు కూడానూ! ఏ అర్థం తీసుకున్నా తగలవలసిన చోటే తగులుతుంది.

దిద్దడమే తప్పని నేననను. విజయనగరంలో గురజాడ అప్పారావుగారు 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని 1909 కూర్పుకి దాదాపు తిరగరాశారు. అది ఏ తప్పొప్పుల పట్టికకీ ఒదగని దిద్దుబాటు, రాసిన చెయ్యే చెయ్యగలిగింది. బంగోరెగారు 1969లో ఆ మొదటి కూర్పుని మళ్ళీ అచ్చువేయించబట్టి, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసే భాగ్యం మనకి దక్కింది.

నా నవల పుస్తకంగా వచ్చేటప్పుడు ప్రూఫులు నేనే తెప్పించుకున్నాను. ఓలమ్మని, గుంటని ఎవరి చోట వాళ్ళని కూర్చోబెట్టాను. డీటీపీ చేసే సాలూరు పిల్ల, "మా ఇంట్లో ఇలాగే అంటామండీ. అచ్చులో ఉండకూడదేమో అనుకున్నాను" అంది. ఉండొచ్చమ్మా అన్నాను. ఆ పిల్ల మొహం చూడాలి! రెండో ప్రూఫులో హైదరాబాదు నుంచి దిగిన కలెక్టరుగారి భార్య చేత కూడా "మా గుంట కాన్వెంటుకి వెళ్ళింది" అనిపించేసింది. అదొక్కటీ మాత్రం దిద్దక తప్పలేదు.