రెట్టింపు లెక్క

రెట్టింపు గణితము తెలుగువారికి క్రొత్తది కాదు. చదరంగపు మొదటి గడికొక గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు చొప్పున 64 గళ్లును నింపినచో మొత్తమెంత యగునో చెప్పు పద్యమొకటి పావులూరి మల్లన పేర వాడుకలో నున్నది. ఆ సంఖ్య యిరువది యంకెలది. అన్ని గింజలు పండుటకు నేల యెక్కడనున్నదో మాత్రము పద్యము చెప్పదు.

కంప్యూటరుల భవిష్యత్తును లెక్కించువారు నమ్మునదియు నీ గణితమునే. 1965లో అమెరికా దేశీయుడగు గోర్డన్ మూర్, ఒక చిప్పుపై నిముడు భాగముల సంఖ్య యేటేట రెట్టింపగుచున్నదని చూపి, 1975 నాటికి 65,000 కాగలదని వ్రాసెను. 1975లో తానే గడువును రెండేండ్లకు సవరించుకొనెను. 1971లో ఇంటెల్ వారి 4004 చిప్పుపై నుండినవి 2,300 ట్రాన్సిస్టరులు. ఏబదియేండ్లలో 25 రెట్టింపులు. అనగా 2021 నాటికి సుమారు 7,700 కోట్లు కావలెను. ఆ యేడు ఆపిల్ వారు వెలువరించిన ఎం1 మాక్స్ చిప్పుపై నున్నవి 5,700 కోట్లు. ఏబదియేండ్ల జోస్యము ఇంత దగ్గరకు వచ్చుట యే పంచాంగమునకు సాధ్యము?

అయినను సంఖ్య పెరిగినట్లు వేగము పెరుగలేదు. ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది దాని విద్యుద్వ్యయమును తగ్గుచుండుట పూర్వపు సౌకర్యము. అది 2005 ప్రాంతమున నిలిచిపోయెను. వేడికి తాళలేక చిప్పు పరుగు మందగించినది. నాటినుండి ఒక కోరుకు బదులు పెక్కు కోరులను పెట్టి నెట్టుకొని వచ్చుచున్నారు.

ఈ లెక్కలతో మనకేమి పని యందురా? సిరిసిల్లలో మరమగ్గములు నడుపు మా బంధువొకడు, ఇంజనీరింగు చదువు కుమార్తెకు ల్యాప్‌టాప్ కొనదలచి, "బావా, అప్పు చేసి యిప్పుడే కొందునా? రెండేండ్లాగినచో ఇంతకంటె మంచిది వచ్చునందురే!" అని నన్నడిగెను. అప్పు నెలకు నూటికి రెండు రూపాయల మిత్తికి. ఏటేట మిత్తిని అసలులో కలిపినచో మూడేండ్లు దాటిన కొలది నెలలకే అదియు రెట్టింపగును. కొన్న యంత్రము రెట్టింపు కాదు, పాతబడును. ఆగుదమన్నచో ఆ రెండేండ్లును పిల్ల చదువులోనివి.

పూర్వము తెలంగాణ పల్లెలలో నాగు పేర ధాన్యమప్పిచ్చి, పంటనాడు ఒకటికి ఒకటిన్నర కొలిపించుకొనెడివారు. తీర్పకున్నచో పది పంటలకు ఒక పుట్టి 57 పుట్లకు మించును. కాగితముపై నంతయగును గాని అంత ధాన్యమే రైతు కొలువగలడు? నడుమనే భూమి చేయి జారెడిది.

నేను చెప్పినదొక్కటే. వేగము మునుపటివలె పెరుగుట లేదు గనుక, నాలుగేండ్ల పాత యంత్రము నేడు చదువునకు పనికిరానిది కాదు. ఇరువది యేండ్ల క్రిందనైనచో ఈ మాట చెప్పియుండను. వారు కరీంనగరములో ఒకరు వాడి విడిచిన దానిని చేతనున్న సొమ్ముతోనే కొనిరి. మెమొరీ 8 జీబీ నుండి 16కు పెంచుటకు మాత్రము మరికొంత వ్యయమైనది.