లారీల్లేని దారుల్లో సైకిలు సవారీ

పెళ్ళయ్యాక సైకిలు ఎక్కినవాళ్ళు మనలో ఎంతమంది ఉంటారు చెప్పండి? హైస్కూలుకూ, జూనియర్ కాలేజీకీ సైకిలు మీద వెళ్ళినవాళ్ళం చాలామందిమే ఉంటాం. మెడలో తాళి పడ్డాక ఆ సైకిలు కాస్తా తమ్ముడికో, పాలబ్బాయికో పోతుంది. మళ్ళీ ఎక్కుదామన్నా మన బజార్లలో ఆటోలూ, లారీలూ, బస్సులూ! నలభై దాటాక ఇక ఆ ఊసే ఉండదు. అలాంటిది 2023 సెప్టెంబరులో, నలభై అయిదేళ్ళ వయసులో, నేను జర్మనీలో కొండల మీదా, అడవిలోనూ, ద్రాక్షతోటల మధ్యా సైకిలు తొక్కాను. నమ్మరు కదూ? అందుకే వివరంగా చెబుతాను.

మా తమ్ముడు మాన్‌హైమ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. మరదలు కూడా కొత్తగా ఉద్యోగంలో చేరడంతో పిల్లవాణ్ణి చూసుకోవడానికి మూడు నెలలు వెళ్ళాను. వారమంతా వంటా, పిల్లాడూ. ఆదివారం మాత్రం పిల్లాణ్ణి తమ్ముడికి అప్పగించి మేమిద్దరం బయల్దేరేవాళ్ళం.

సైకిలుకి పుట్టిల్లు

అన్నట్టు, ఈ మాన్‌హైమ్ సైకిలుకి పుట్టిల్లండీ. 1817 జూన్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల కొయ్యబండి తయారుచేసి ఈ ఊరి రోడ్డు మీదే నడిపాడు. దానికి పెడళ్ళు లేవు, కాళ్ళతో నేలని తన్నుకుంటూ పోవడమే. కారుకీ ఈ ఊరే పుట్టిల్లు. కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి 1886లో పేటెంటు తీసుకున్నది ఇక్కడే. ఆ బండి మీద మొదటి దూరప్రయాణం చేసింది మాత్రం ఆయన కాదు, ఆయన భార్య బెర్తా! 1888 ఆగస్టులో ఆ ఇల్లాలు భర్తకు ముందుగా చెప్పకుండా, ఇద్దరు కొడుకులనీ వెంటబెట్టుకుని, సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని పుట్టింటికి వెళ్ళింది. దారిలో ఇంధనం మందుల షాపులో కొన్నది. గొట్టంలో ఏదో అడ్డుపడితే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసుకుంది. మన దగ్గర పిన్నీసు లేని ఇల్లాలు ఉంటుందా? ఆ మాట విన్న రోజు నాకు భలే ధైర్యం వచ్చింది సుమండీ.

అడవీ, తోటలూ అన్నదమ్ముల్లా

మాన్‌హైమ్ నుంచి రైన్ నది దాటి పడమటికి రైల్లో సుమారు అరగంట పోతే నాయ్‌ష్టాట్ అనే ఊరు వస్తుంది. రైలుపెట్టె మీద సైకిలు బొమ్మ ఉన్నచోట సైకిళ్ళు ఎక్కించుకోవచ్చు. ఆ ఊరి వెనకే కొండలు మొదలవుతాయి. కొండల మీదంతా ఫెల్జర్‌వాల్డ్ అనే అడవి. జర్మనీలో ఏకబిగిన పరుచుకున్న పెద్ద అడవుల్లో ఇది ఒకటి. 1958 నుంచి ప్రకృతి ఉద్యానవనంగా కాపాడుతున్నారు. సరిహద్దుకి అవతల ఫ్రాన్సులో ఉన్న కొండలతో కలిపి 1998లో యునెస్కో దీన్ని జీవావరణ క్షేత్రంగా గుర్తించింది.

కొండల కింద, తూర్పు వాలున కనుచూపు మేరా ద్రాక్షతోటలే. పడమటి గాలి తెచ్చిన వాన చాలావరకు కొండల మీదే కురిసిపోతుంది. అందుకని ఇవతలి వైపు వెచ్చగా, పొడిగా ఉంటుంది. ద్రాక్షే కాదు, బాదం చెట్లూ, అంజూర చెట్లూ కూడా కాస్తాయి. ఒకప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ తోటలు చూసినవాళ్ళకి ద్రాక్ష అంటే తలపైన పందిరే గుర్తొస్తుంది. ఇక్కడ పందిరి లేదు. బారులు బారులుగా పాతిన గుంజలకి తీగలు లాగి, మనిషెత్తున పెంచుతారు.

వెనకటికి ఆ గుంజల కోసమే కొండ అంచున చెస్ట్‌నట్ చెట్లు పెంచారట. అడవిలోని ఓక్ చెట్లతో వైను పీపాలు చేసేవారు, ఇప్పటికీ చేస్తున్నారు. అంటే తోటని అడవే నిలబెట్టిందన్నమాట.

బండ్లు ఎందుకు రావు?

ఈ దారులు తారువి కావు. అడవిలో దుంగలు తరలించడానికి కంకర పరిచి, అణగదొక్కి వేసినవి. మొదట్లో అడ్డంగా ఎర్ర తెలుపు చారల కర్ర ఉంటుంది. అటవీశాఖ వాహనాలకి తప్ప దేనికీ లోపలికి ప్రవేశం లేదు. నడిచేవాళ్ళూ, సైకిళ్ళవాళ్ళూ మాత్రం పక్కసందులోంచి పోవచ్చు. అడవి దారుల్లో మామూలు జనం తిరగడానికీ, సైకిలు తొక్కడానికీ హక్కు ఉందని 1975లో వచ్చిన వాళ్ళ అటవీ చట్టంలోనే రాసుకున్నారు. తోటల మధ్య దారులు కూడా అంతే, ట్రాక్టర్లకీ సైకిళ్ళకీ మాత్రమే.

చెప్పొద్దూ, మొదటి ఆదివారం లోపలికి వెళ్ళిన పది నిమిషాలకి నాకు చెవులు మూసుకుపోయాయేమో అనిపించింది. హారన్ లేదు, ఇంజను లేదు. చక్రం కింద కంకర కరకరమనే చప్పుడూ, నా ఊపిరీ, అంతే. "వదినా, వెనక్కి చూడకండి, ఏమీ రాదు" అని మరదలు నవ్వింది. పాతికేళ్ళుగా రోడ్డు మీద వెనక్కి తిరిగి చూసుకోవడమే అలవాటైన మెడ కదా, అంత తొందరగా మానుతుందా!

మోకాళ్ళ సంగతి

నాకు మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పి. ఇక్కడ అన్నిటికన్నా ఎత్తయిన కొండ కాల్మిట్, 673 మీటర్లు. మేం దాని జోలికి పోలేదనుకోండి. మాకు మోటారు సాయం ఉన్న సైకిళ్ళు అద్దెకి దొరికాయి. పెడలు మనమే తొక్కాలి, తొక్కినప్పుడు మోటారు తోడు తోస్తుంది. గంటకి 25 కిలోమీటర్లు దాటితే తోడు ఆగిపోతుంది. ఎగుడు దారిలో నేను ఆయాసపడుతుంటే, తెల్లజుట్టు ఆడవాళ్ళు ఇద్దరు, డెబ్భై దాటినవాళ్ళే అయి ఉంటారు, మామూలు సైకిళ్ళ మీద మమ్మల్ని పలకరించి దాటిపోయారు. ఆ రోజు నుంచీ "నా వయసుకి ఇవన్నీ ఎందుకు" అనే మాట నోట్లోంచి రాలేదు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు:

చీర వద్దు, చుడీదార్ చాలు. చున్నీ మాత్రం చక్రంలో పడకుండా ముడివేసుకోండి. అక్కడ చట్టం అడగకపోయినా హెల్మెట్ పెట్టుకోండి.

కంకర మీద వెడల్పు టైర్లే మంచివి. గాలి మరీ గట్టిగా కొట్టించకండి. దిగుడులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే జారుతుంది, రెండూ కలిపి మెల్లగా నొక్కాలి.

గడ్డిలో నడిచి వస్తే ఇంటికెళ్ళాక కాళ్ళూ మోకాళ్ళ వెనకా చూసుకోండి. అక్కడి అడవిలో పిడుదులు ఉంటాయి, వాటి కాటుతో జబ్బులు వస్తాయి.

కోతల కాలంలో ఎంత నోరూరినా తీగనున్న ద్రాక్ష తుంచకండి, అది దొంగతనమే. ఢామ్మని తుపాకీ శబ్దం వినబడితే హడలిపోవద్దు. మన జొన్నచేలో మంచె మీద వడిసెల తిప్పినట్టే, అది పిట్టలని తోలే ఏర్పాటు.

అడవిలో దిబ్బరొట్టె

తిండి గురించి చెప్పకపోతే మన శీర్షిక ఎలా అవుతుంది? అడవిలో అక్కడక్కడా కొయ్యతో, రాతితో కట్టిన విశ్రాంతి ఇళ్ళు ఉంటాయి. చాలావాటిని 1902లో మొదలైన ఒక నడక సంఘం సభ్యులు స్వచ్ఛందంగా నడుపుతారు. చాలా చోట్ల శని ఆదివారాలే తెరుస్తారు. వాళ్ళ ప్రసిద్ధ వంటకాలు ఎక్కువగా పందిమాంసంతోనే. నాలాంటి శాకాహారులు బంగాళాదుంప సూపు అడగొచ్చు, అందులో మాంసం వేశారేమో కనుక్కుని తినాలి. ఉల్లిపాయ, ఆకుకూర తరుగు కలిపిన తెల్లటి గట్టి పెరుగులాంటి జున్ను కూడా బాగుంటుంది. తాగనివాళ్ళకి ద్రాక్షరసంలో సోడా కలిపి ఇస్తారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది డాంఫ్‌నూడెల్. మైదాలో గోరువెచ్చని పాలూ, ఈస్టూ, వెన్నా, చిటికెడు పంచదారా వేసి మెత్తగా కలిపి పొంగనిస్తారు. పెద్ద నిమ్మకాయంత ఉండలు చేసి, మరికాసేపు పొంగనిచ్చి, దళసరి గిన్నెలో నూనే, ఉప్పు కలిపిన టీకప్పు నీళ్ళూ పోసి, ఉండలు పేర్చి మూత పెడతారు. నీళ్ళు ఇగిరి చిటపటమనేదాకా మూత తియ్యకూడదు. అడుగున ఉప్పుప్పగా, కరకరలాడే ఎర్రటి పెచ్చు. పైన దూదిలా తెల్లగా. అచ్చం మన దిబ్బరొట్టె చెల్లెలే! సూపుతోనైనా, తీపి పాలసాసుతోనైనా తింటారు. ఇంటికొచ్చాక నేను అల్లం పచ్చడితో పెట్టాను, గిన్నె ఖాళీ.

మన దగ్గర కుదరదా?

అది వాళ్ళ దేశం, మనకెక్కడ కుదురుతుంది అంటారేమో. అక్కడి దారిని భద్రంగా ఉంచింది గొప్ప యంత్రమేమీ కాదండీ. అడ్డంగా ఒక కర్ర, అది దాటకూడదనే కట్టుబాటు. మా కృష్ణా డెల్టాలో కాలవగట్లు ఉన్నాయి. చెట్ల నీడ, పక్కన నీళ్ళు, కింద మట్టీ కంకరా. తెల్లవారుజామున ట్రాక్టర్లు మొదలవకముందు ఒక గంట ఆ గట్లు ఖాళీగానే ఉంటాయి. నేను ఓ పాత లేడీస్ సైకిలు కొని బాగుచేయించాను. మొదటి వారం మా అత్తగారు మాట్లాడలేదు. రెండో వారం, "వచ్చేటప్పుడు మునగాకు కోసుకురా" అన్నారు. ఇప్పుడు మా వీధిలో ముగ్గురం అయ్యాం.

గట్టుకి ఆ మొదట్లో ఒక కర్ర అడ్డం పెట్టించమని పంచాయతీలో అడగాలని మా ముగ్గురి ఆలోచన. మరి మీ ఊళ్ళో అలాంటి గట్టు ఏదైనా ఉందేమో, రేపు పొద్దున్నే ఒకసారి చూసిరండి.