అమ్మమ్మకు కంఠస్థమైన నెంబరు

భర్త పేరు చెప్పమంటే అమ్మమ్మ నెంబరు చెప్పేది. రేషన్ కార్డు రాయడానికొచ్చిన గుమస్తా అయినా, ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగే మాస్టారైనా అంతే. ఆమె తరం ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. తప్పనిసరైతే పక్కనున్న పిల్లల్ని మోచేత్తో పొడిచి చెప్పిస్తారు. అమ్మమ్మకు ఆ అవసరం పడలేదు. తాతయ్య ఆర్మీ నెంబరును ఒక్క ఊపిరిలో, అంకెకు అంకె ఇంగ్లీషులోనే అప్పజెప్పేది. అయిదో తరగతితో చదువు ఆపేసిన ఆమెకు వచ్చిన ఇంగ్లీషు దాదాపు అంతే. ‘‘రాసుకోండి, అందులో ఆయన పేరుంటుంది’’ అనేది ధీమాగా.

2023 ఫిబ్రవరిలో ఆమె పోయింది. వయసు 81. పేపర్లో పడాల్సినంత జీవితం కాదు. ఏ యుద్ధంలోనూ ఆమె పేరు లేదు. కానీ మూడు యుద్ధాలను ఆమె పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక పెంకుటింటి అరుగు మీది నుంచీ, బెంగళూరులోని ఒక క్వార్టర్ గుమ్మంలోంచీ చూసింది. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసి, దేశ భద్రత మీద అప్పుడప్పుడూ వార్తలు రాసే నాకు వాటి గురించి ఆమె చెప్పినంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు.

మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. అక్కడికి దగ్గర్లోని మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. దాదాపు ఇంటికొకరు చొప్పున తరతరాలుగా సైన్యంలోకి వెళ్లిన ఊరది. ఆ గాలి చుట్టుపక్కల ఊళ్లకూ తగిలింది. తాతయ్య 1955లో బెంగళూరు వెళ్లి మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరారు. 1780 నుంచీ చరిత్ర ఉన్న దళం అది. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు తీయడం వాళ్ల పని. 1958లో పెళ్లయింది. అప్పటికి అమ్మమ్మకు 17 ఏళ్లు.

జవానుకు ఏడాదికి రెండు నెలల సెలవు. అదీ మంజూరైతేనే. అమ్మమ్మ కాలాన్ని ఆ లెక్కలోనే కొలిచేది. ‘‘పెళ్లయిన మొదటి నాలుగేళ్లలో మీ తాతయ్యను నేను చూసింది ఏడు నెలలు’’ అని చెప్పేది. ఫిర్యాదుగా కాదు, పాలవాడి ఖాతా చెప్పినట్టు. మిగతా కాలమంతా ఉత్తరాలే. తాతయ్య అడ్రసు ఎప్పుడూ 56 ఏపీవో, లేదంటే 99 ఏపీవో. ఆ అడ్రసులో ఊరుండదు, జిల్లా ఉండదు. మొగుడు ఎక్కడున్నాడో తెలియకుండానే ‘ఇక్కడ అందరం క్షేమం’ అని రాయాలి.

1962 అక్టోబరు 20న చైనా దాడి మొదలయ్యేసరికి ఆమె కడుపుతో ఉంది. కడుపులో ఉన్నది మా అమ్మ. ఉత్తరాలు ఆగిపోయాయి. ఊళ్లో రేడియో ఉన్నది ఒక్క ఇంట్లోనే. పొద్దున్నే వార్తల వేళకు ఆ ఇంటి వాకిట్లో జనం గుమిగూడేవాళ్లు. ఎప్పుడూ వినని ఊళ్ల పేర్లు వినబడేవి. అక్కడ తాతయ్య ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు. అమ్మమ్మ రోజూ మధ్యాహ్నం పోస్టుమ్యాన్ వచ్చే వేళకు అరుగు మీద కూర్చునేది. అతను దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపి వెళ్లిపోయేవాడు. ‘‘పాపం, దగ్గరికొచ్చి లేదని చెప్పాల్సిన బాధ తప్పించుకునేవాడు’’ అనేది.

నవంబరు 21న చైనా కాల్పులు ఆపేసింది. ఆ నెలాఖరులో ఉత్తరం వచ్చింది. పోస్టుమ్యాన్ వీధి మొదట్లోనే కేకేశాడట. మా ముత్తమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఇరుగూ పొరుగూ వచ్చి, గండం గడిచిందన్నారు. ఇంట్లో తేదీ చూసింది అమ్మమ్మ ఒక్కతే. అక్టోబరు 11. యుద్ధానికి తొమ్మిది రోజుల ముందు రాసిన ఉత్తరం.

ఆమె ఎవరికీ చెప్పలేదు. అంత సంతోషాన్ని ఆపడం ఎందుకనుకుంది. అందరితోపాటు ప్రసాదం తింది. డిసెంబరులో అమ్మ పుట్టాక, పురిటి స్నానం కాకముందే రెండో ఉత్తరం వచ్చింది. డిసెంబరు తేదీ వేసి ఉంది. ఆ రోజు ఏడ్చింది. ‘‘ఉత్తరం వచ్చిందంటే మనిషి బతికున్నాడని కాదే అమ్మడూ, రాసిన రోజున బతికున్నాడని’’ అని నాతో చాలాసార్లు అంది. వార్తలు రాసే ఉద్యోగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అదేనని ఆమెకు తెలియదు.

పీజీలో 1962 యుద్ధం మీద నేనొక పేపర్ రాశాను. మెక్‌మహన్ రేఖ, ముందుకు జరిగి చౌకీలు పెట్టాలన్న విధానం, నెహ్రూ, కృష్ణ మీనన్, జనరళ్ల తగాదాలు... ఓటమి మీద 1963లో తయారైన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ప్రభుత్వం నేటికీ అధికారికంగా బయటపెట్టలేదని గట్టిగా విమర్శించాను. ఆచూకీ తెలియనివాళ్లు సుమారు 1,700 మందనీ, యుద్ధఖైదీలు దాదాపు 4,000 మందనీ ఒక వాక్యంలో రాసి ముందుకెళ్లిపోయాను. ఆ వాక్యంలో ఒక్కో అంకె వెనకా ఒక అరుగు ఉందని అప్పుడు తట్టలేదు. సెలవులకు ఇంటికెళ్లి ఆ పేపర్ చదివి వినిపిస్తే అమ్మమ్మ అంతా విని, ‘‘ఇంతకీ మన ఊరి సంగతి ఇందులో లేదే’’ అంది.

1964లో ఆమెకు బెంగళూరులో ఫ్యామిలీ క్వార్టర్ దొరికింది. అల్సూరు చెరువుకు దగ్గర్లో ఒక గది, ఒక వంటిల్లు. జీవితంలో కాపురమంటూ చేసింది ఆ మూడేళ్లేనని చెప్పేది. అక్కడే తమిళం నేర్చుకుంది, మలయాళీ పొరుగింటావిడ దగ్గర పుట్టు చేయడం నేర్చుకుంది. 1965 సెప్టెంబరులో మగవాళ్లంతా వెళ్లిపోయాక ఆ వరసలోని ఆడవాళ్లు వంట కలిపి చేసుకున్నారు. రాత్రి ఎవరి తలుపు తట్టినా అందరూ లేచేవాళ్లు. టెలిగ్రాం ఎవరికి వచ్చినా ఒంటరిగా విప్పకూడదని వాళ్లలో వాళ్లు ఒట్టు పెట్టుకున్నారు. ఒకసారి విప్పాల్సి వచ్చింది. దాని గురించి అమ్మమ్మ అంతకు మించి చెప్పలేదు.

ఆ రోజుల్లో యుద్ధంలో పోయినవాళ్ల దేహాలు సాధారణంగా ఇళ్లకు వచ్చేవి కావు. అంత్యక్రియలు అక్కడే. 1999లో కార్గిల్ నుంచి పెట్టెలు ఊళ్లకు చేరుతుంటే అమ్మమ్మ టీవీ ముందు నుంచి కదలలేదు. ‘‘వీళ్లకు చూసుకోవడానికి మొహమైనా మిగిలింది’’ అంది. అదృష్టమంటోందో, దురదృష్టమంటోందో నాకు అర్థం కాలేదు.

1971 యుద్ధం కూడా చూసి, తాతయ్య 1976లో హవల్దారుగా రిటైరయ్యారు. తర్వాత చాలా ఏళ్లు ఒక బ్యాంకు గుమ్మంలో తుపాకీ పట్టుకుని కూర్చున్నారు. 2004లో గుండెపోటుతో పోయారు. అప్పుడు మొదలైంది అమ్మమ్మ సొంత యుద్ధం.

ఫ్యామిలీ పెన్షన్ కోసం కాగితాలు పంపితే తిరిగొచ్చాయి. సైన్యం రికార్డుల్లో భార్య పేరు వేరే ఉంది. కొత్తగా పెళ్లయినప్పుడు తాతయ్య యూనిట్‌లో రాయించింది అసలు పేరు కాదు, తను పిలుచుకునే ముద్దుపేరు! రేషన్ కార్డులో, ఓటరు కార్డులో ఉన్నది మరో పేరు. ఆ ఇద్దరూ ఒక్కరేనని నిరూపించడానికి 14 నెలలు పట్టింది. నోటరీ అఫిడవిట్లు, సర్పంచి ధ్రువీకరణ, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం చుట్టూ బస్సు ప్రయాణాలు. ఒకచోట గుమస్తా, ‘‘ఈ రెండు పేర్లూ నీవేనా?’’ అని విసుక్కుంటే అమ్మమ్మ నింపాదిగా, ‘‘నావే బాబూ. ఆయన సెలవులో ఉన్నప్పుడు ఒకటి, లేనప్పుడు ఇంకోటి’’ అంది. గుమస్తా నవ్వాడు. కాగితం మాత్రం ఆ రోజు కదల్లేదు.

ఆ పెన్షనే ఆమెను చివరిదాకా ఎవరి ముందూ చెయ్యి చాచకుండా నిలబెట్టింది. ‘ఒకే ర్యాంకు, ఒకే పెన్షన్’ ఉత్తర్వులు 2015 నవంబరులో వచ్చాయి. బకాయిలు మిగతావాళ్లకు నాలుగు విడతల్లో ఇచ్చినా ఫ్యామిలీ పెన్షనర్లకు ఒకేసారి ఇచ్చారు. ఆ డబ్బుతో బోరుకు మోటారు వేయించి, వీధిలోకి ఒక కుళాయి పెట్టించింది. ‘‘మీ తాతయ్య పంపాడు, పట్టుకోండి’’ అని వీధిలో వాళ్లకు చెప్పేది.

నేను ఇంతవరకూ రాయని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సరిహద్దులో చనిపోయిన జవాన్ల పేర్లు ఒక సాయంత్రం మా చేతికి వచ్చాయి. అందులో ఒకరిది మన జిల్లాల్లోని ఊరే. నెంబరు సంపాదించి ఆ ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తినది అతని భార్య. ‘‘మీవారి గురించి రెండు మాటలు...’’ అన్నాను. ‘‘ఆయన డ్యూటీలో ఉన్నారండీ, ఏమైంది?’’ అందామె. వాళ్లకు ఇంకా కబురు అందలేదు. నేను ఏదో గొణిగి పెట్టేశాను. పెట్టేసేలోపే ఆమెకు అర్థమైంది. ఫోన్‌లో ఆ చివరి క్షణం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆఫీసులో ఎవరూ తప్పుపట్టలేదు. అలా జరుగుతుంటుందన్నారు. అమ్మమ్మకు చెప్పాను. ఆమె ఓదార్చలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘మళ్లీ వెళ్లావా వాళ్లింటికి?’’ అని అడిగింది. లేదన్నాను. ‘‘ఏ మొహం పెట్టుకుని వెళ్లనూ?’’ అన్నాను. ‘‘ఉన్న మొహం పెట్టుకునే వెళ్లాలి. పద, నేనూ వస్తాను’’ అంది.

రెండు బస్సులు మారి వెళ్లాం. అమ్మమ్మ ఆ అమ్మాయి పక్కన చాప మీద కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే నిలబడి, ఆ రోజు ఫోన్ చేసింది నేనేనని చెప్పాను. ఆమె నా వైపు చూసి, తల ఊపింది. క్షమించానని కాదు, విన్నానని. అమ్మమ్మ ధైర్యం చెప్పలేదు, త్యాగం అనలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, ‘‘ఆయన నెంబరు రాసిపెట్టుకున్నావా అమ్మా? రికార్డులో నీ పేరు ఎలా రాయించాడో ఇప్పుడే కనుక్కో. అక్షరం తేడా ఉన్నా తిప్పుతారు’’ అంది. తన సంచిలోంచి పాత ఫైలు తీసి ఏ కాగితం ఎక్కడికి వెళ్తుందో ఒక్కొక్కటే చూపించింది. రెండు గంటలు పట్టింది. నేను నోట్సు రాసుకుంటూ కూర్చున్నాను. జర్నలిస్టుగా కాదు, గుమస్తాగా. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు ఆ అమ్మాయి అమ్మమ్మకు ఫోన్ చేసేది. నాకు ఎప్పుడూ చేయలేదు. అది న్యాయమే.

2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేటకు చెందిన కర్నల్ సంతోష్ బాబు సహా 20 మంది మరణించారన్న వార్త వచ్చిన రాత్రి అమ్మమ్మ ఫోన్ చేసింది. చైనా గురించి అడగలేదు. ‘‘అందరి ఇళ్లకూ కబురు ముందు చేరిందా, టీవీ ముందు చేరిందా?’’ అని అడిగింది. ఇలాంటి వార్త ఏది వచ్చినా నేను మొదట వేసే ప్రశ్న అదే.

రెండేళ్ల తర్వాత, 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల కొలువు, తర్వాత నూటికి పాతిక మందికే కొనసాగింపు, మిగతావాళ్లకు సుమారు 11.71 లక్షల సేవానిధి, పెన్షన్ లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడి, కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయిన వారం నేను ఊరెళ్లాను. సైన్యం సగటు వయసు తగ్గాలన్న వాదన, పెన్షన్ల భారం అన్నీ అమ్మమ్మకు వివరించాను. విని, ‘‘నాలుగేళ్లంటే ఏడు నెలలు’’ అంది. ‘‘వెళ్లేవాడి లెక్క మీరంతా బాగానే వేశారు. ఇంట్లో కూర్చునేదాని లెక్క ఎవరు వేశారు?’’ నా దగ్గర జవాబు లేదు. ఆ వారం రాసిన కథనంలో ఆ ప్రశ్న పెట్టలేదు. పెట్టాల్సింది.

ఆ ఏడాది నవంబరులో జీవన ప్రమాణ పత్రం కోసం తీసుకెళ్తే వేలిముద్ర పడలేదు. అరవై ఏళ్ల అంట్లు, పొయ్యిలు ఆ గీతలను చెరిపేశాయి. పదో ప్రయత్నంలో మిషను ఒప్పుకుంది. ‘‘బతికే ఉన్నానంటుందా?’’ అని నవ్వింది. మూడు నెలలకు పోయింది.

ఆమెతోపాటే పెన్షనూ ఆగిపోతుంది. ఆ సంగతి తెలియజేయాల్సిన పని నా మీద పడింది. పెద్దకర్మ అయిన మర్నాడు మామయ్య, నేను ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాం. మరణించిన తేదీ, సమాచారం ఇస్తున్నవారితో సంబంధం. తర్వాతి గడిలో సైనికుడి సర్వీసు నెంబరు. తాతయ్య నల్ల ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో రాసి ఉంటుంది, చూసొస్తానని మామయ్య లేచాడు.

ఆయన గది దాటేలోపే నేను రాసేశాను. అంకె పోకుండా.