గుంపు

"మీ ముగ్గురిది వేరే గుంపు. మాతోని కలవరు" అన్నది మా రూమ్‌మేట్. కోపంతో కాదు, బాధపడ్డట్టే అన్నది. దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్‌లో గదికి ఆరుగురం. అందరం గ్రూప్స్ కోచింగ్‌కు వచ్చినోళ్ళమే.

గుంపు ఎట్లా పుట్టిందో చెప్తాను. నల్లగొండ బస్సు ఎక్కి ఎల్.బి.నగర్‌లో దిగి వచ్చిన మొదటి రాత్రే ప్రశ్నలు మొదలైనయి. ఇంటిపేరేంది? నాయిన ఏం చేస్తడు? భూమెంత? "ఇంతకూ మీరేమోళ్ళు?" నా నోరు ఎండిపోయింది. కిటికీ పక్క మంచం అక్క లేచి, "పిల్ల ఇప్పుడే దిగింది, అన్నం తిననియ్యుండ్రి" అని నన్ను మెస్‌కు తోల్కపోయింది. మూలమంచం చిన్నపిల్ల కూడా వెనకే వచ్చింది. వాళ్ళు నన్నేమీ అడగలేదు. అడగకపోవడంతోనే వాళ్ళెవరో నాకు అర్థమైంది.

ఆదివారం అక్క వాళ్ళమ్మ తునకలు పంపేది. గదిలో మూత తీస్తే వాసనంటారు. అందుకే డాబా మీద నీళ్ళ ట్యాంకు చాటున తినేవాళ్ళం. కింద వాళ్ళకు అది రహస్య మీటింగు. మేం మాట్లాడుకునేది స్కాలర్‌షిప్ రాని నెల ఎవరి మెస్ బిల్లు ఎవరు కట్టాలని. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' అక్క దగ్గరుండేది. దళిత స్త్రీల రాతలు మాకు చదివి వినిపించేది. మమ్మల్ని గదిలోంచి డాబా మీదికి పంపినోళ్ళే, దూరంగా ఉంటరని మమ్మల్ని అన్నారు.

మా మంచి కోరేవాళ్ళది ఇంకో పొరపాటు. మేమంతా ఒక్కటే అనుకుంటారు. వాళ్ళిద్దరు మాదిగలు, నేను మాల. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్న రాత్రి చిన్నది ఏడ్చింది. 1994లో దండోరా మొదలైననాటికి ఆ పిల్ల పుట్టనే లేదు. వాళ్ళ నాయిన డప్పేసుకొని తిరిగిండట. నేను "మనం చీలిపోతం గదా" అన్న. అక్క నన్ను నిదానంగా చూసింది.

"నా గిన్నెలది తింటివి. నా వాటా నేనడిగితే చీలికైతదా చెల్లే?"

రెండు రోజులు డాబా ఎక్కలేదు. మూడోనాడు మెస్ బిల్లుకు ఆఖరు గడువు. నా స్కాలర్‌షిప్ రాలేదు. కౌంటర్ దగ్గరికి పోతే "కట్టిన్రు గదా" అన్నరు. ఎవరని అడగలేదు. సిగ్గుతో పైకి పోయి, "నువ్వన్నది న్యాయమే అక్కా" అన్న.

2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ అమల్లోకి వచ్చింది. "ఇగ మీ గుంపు పోయినట్టేనా?" అన్నరు గదిలో. ఆ సాయంత్రం ట్యాంకు చాటున ముగ్గురం కూర్చున్నం. ఎవరికెంత రావాలో కొట్లాడుకుంటనే తిన్నం.