తప్పిన గురి

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్న సంగతి ఇది.

పోయిన దసరాకు గోదావరిఖని వెళ్ళినప్పుడు అటక మీది గోనెసంచిలో మా పాత వీడియోగేమ్ దొరికింది. ఒక పెట్టె, ఒక క్యాసెట్టు, ఒక ప్లాస్టిక్ తుపాకి. నింటెండో సంస్థ 1983లో జపానులో విడుదల చేసిన ఆటయంత్రానికి లోకమంతటా నకళ్ళు పుట్టాయి. 1990లలో మా ఇంటికి వచ్చినది అలాంటి పేరులేని నకలే.

నాన్న భూగర్భ గనిలో షాట్‌ఫైరర్. బొగ్గుపొరలోని రంధ్రాలలో మందు కూరి, అందరినీ దూరం పంపి పేల్చడం ఆయన పని. మూడు షిఫ్టుల వంతులలో ఆయన మెలకువా మా మెలకువా కలిసేది తక్కువ. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం తుపాకి ఆయన చేతికి వచ్చేది. తెరమీద బాతులు ఎగిరేవి. గురి తప్పితే పొదలోంచి కుక్క లేచి నవ్వేది. దానితోపాటు నాన్నా నవ్వేవాడు.

ఇప్పుడాయనకు వయసుతో వినికిడి బాగా తగ్గింది. పుణేలో పెరుగుతున్న మా అమ్మాయికి గట్టిగా అరిచి మాట్లాడాలంటే సిగ్గు. తాతా మనవరాలూ ఒకే గదిలో గంటలకొద్దీ మాటలేకుండా కూర్చుంటారు. ఈ ఆటకు చెవులతో పని లేదు కదా, ఇద్దరినీ కలుపుతుందేమోనన్నది నా ఆశ.

ఆ పెట్టెకు టీవీలోకి రెండు దారులున్నాయి. మొదటిది యాంటెనా దారి. పెట్టె తానే ఒక చిన్న ప్రసార కేంద్రమై బొమ్మను పంపుతుంది, టీవీని తిప్పి ఆ చానెల్‌ను మనం పట్టుకోవాలి. దూరదర్శన్ అనలాగ్ ప్రసారాలే 2022 నాటికి కొద్దిచోట్ల తప్ప దేశమంతటా ఆగిపోయాయి. మా కొత్త టీవీ ఎంత వెదికినా ఏమీ దొరకలేదన్నది.

రెండవది పసుపు, తెలుపు తలల తీగ. కొత్త టీవీకి ఆ రంధ్రాలే లేవు. ఇయర్‌ఫోన్ పిన్ను పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. దానికి బజారునుంచి తెచ్చిన తీగ చక్కగా దూరింది గాని బొమ్మ రాలేదు. ఆ పిన్ను మీద నాలుగు కట్లుంటాయి. ఏది బొమ్మకు, ఏది శబ్దానికి, ఏది ఎర్త్‌కు అన్న విషయంలో తయారీదారులు ఒక్కమాట మీద లేరు. పసుపు తలను ఎరుపులో పెడితే ఒక్కోసారి పని జరుగుతుంది. ఎర్తే మారిపోతే ఏ రంగును ఎక్కడ పెట్టినా ప్రయోజనం లేదు. మాది రెండో రకం.

ఇక హెచ్‌డీఎమ్ఐ మార్పిడి డబ్బా. మొదట తెచ్చినది తిరగబడ్డది, అంటే కొత్త యంత్రాన్ని పాత టీవీకి కలిపేది. చూడటానికి రెండూ కవలలే. మార్చి తెచ్చాక బొమ్మ వచ్చింది గాని, కదిలే బాతుల అంచులకు దువ్వెనపళ్ళు మొలిచాయి. పాత ఆట సెకనుకు యాభై పూర్తి బొమ్మలను తక్కువ గీతలతో పంపుతుంది. కొత్త పరికరం వాటిని రెండు సగాలుగా వచ్చే మామూలు ప్రసారమనుకుని, పక్కపక్క బొమ్మలను కలిపి కుట్టేస్తుంది.

అయినా నాన్న బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గురిపెట్టి నొక్కాడు. బాతు ఎగిరిపోయింది. అలా పది బాతులూ ఎగిరిపోయాయి. ఆయన తుపాకి కిందపెట్టి తన అరచేతులు చూసుకున్నాడు.

"నా చెయ్యే వణుకుతున్నది బిడ్డా."

ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. మర్నాడు క్యాలెండరు కాగితం వెనుక బొమ్మ గీసి ఆయనకు చూపించాను. ఆ తుపాకి దేన్నీ పేల్చదు, చూస్తుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. ఆ వెలుగు తుపాకి కంటికి తగిలితే బాతు పడుతుంది. పాత టీవీలో ఒక కిరణం సెకనుకు 15,625 గీతలు గీస్తూ పోతుంది, పెట్టె పంపిన క్షణానే గీస్తుంది. కొత్త టీవీ బొమ్మను తీసుకుని, సరిచేసి, పెద్దది చేసి, ఆ తరువాత చూపిస్తుంది. అప్పటికి తుపాకి కన్ను మూసుకుని ఉంటుంది. పైగా ఆ తెర వెలుగే వేరు.

నాన్న కాగితాన్ని చాలాసేపు చూశాడు. "డిలే డిటోనేటర్ లెక్కనా?" అన్నాడు. రంధ్రాలన్నీ ఒకేసారి పేలకుండా, కొన్ని మిల్లీసెకన్ల ఎడంతో ఒకదాని తరువాత ఒకటి పేలేలా చేసే సాధనమది. నేను తలూపాను.

"అయితే ఆల్శం దానిది. నాది కాదు."

ఆ సాయంత్రమే లక్ష్మీనగర్‌లోని ఒక మరమ్మతు దుకాణం మూలనుంచి పాత డబ్బా టీవీ తెచ్చాను. యాంటెనా తీగ పెట్టి చానెల్ తిప్పితే నీలాకాశం వచ్చింది. "ఏదో సన్నగా కూస్తోంది" అన్నది మా అమ్మాయి. అది ఆ గీతల కూతే. దాన్ని వినే వయసు నాకూ దాటిపోయింది, నాన్న సంగతి చెప్పనక్కరలేదు.

నాన్న పదింటిలో ఆరు కొట్టాడు. చెయ్యి వణుకుతున్నమాట నిజమే, మిగిలిన నాలుగూ దాని లెక్కలోవి. కుక్క లేచి నవ్వినప్పుడల్లా మనవరాలు పగలబడి నవ్వింది. ఆ తరువాత తుపాకి తాను తీసుకుంది. నాన్న వెనుకనుంచి దాని మోచేతిని కొద్దిగా పైకెత్తి, ఒక్క మాటైనా లేకుండా, గురి ఎలా పట్టాలో చూపించాడు.

రంధ్రంలో తీగ దూరితే సరిపోతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. రెండు కొసల కాలమూ కలవాలి. మీ అటక మీద ఇలాంటి తుపాకి ఉంటే, ఇంట్లోని డబ్బా టీవీని పాత సామాన్లవాడికి అప్పుడే ఇవ్వకండి.