నీడ కోసం కాపలా

పది నిమిషాల లోపు సినిమాలు తీయడం నా పని. వాటిలో హీరో ఉండడు, కథ ఉండదు, చాలాసార్లు మాటలూ ఉండవు. ఒక ప్రశ్న పెట్టుకుంటాను. కెమెరా, మైకు తప్ప మరో సాయం లేకుండా దానికి జవాబు వెతుకుతాను. ప్రయోగాత్మక లఘుచిత్రం అంటే నాకు తెలిసిన అర్థం ఇదే.

ఎక్కువగా తీసింది రామతీర్థంలోనే. విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా వస్తే బోధికొండ, దుర్గకొండ, గురుభక్తుల కొండ వరసగా కనిపిస్తాయి. జనం రామస్వామి గుడికి వస్తారు, శివరాత్రి జాతరకు ఇసుక వేస్తే రాలనంతగా వస్తారు. బౌద్ధారామం శిథిలాలున్న గురుభక్తుల కొండ ఎక్కేవాళ్ళు మాత్రం తక్కువ. 1910-11 పురావస్తు శాఖ వార్షిక నివేదికలో అలెగ్జాండర్ రీ ఈ శిథిలాల గురించి వివరంగా రాశారు. దుర్గకొండ గుహలో తూర్పు చాళుక్యరాజు విమలాదిత్యుడి కాలం నాటి శాసనం ఉంది. ఆయన గురువు, జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఇక్కడి రామకొండకు వచ్చి నమస్కరించాడని అందులో ఉంది. వెయ్యేళ్ళ కిందట ఒక మనిషి ఈ కొండను చూడడానికే వచ్చాడన్న మాట నన్ను వదల్లేదు. చూడడమే ఒక పనిగా పెట్టుకున్నవాడికి ఇంతకన్నా బలం ఏం కావాలి?

నాకు బాగా నచ్చిన నా సినిమాకు విత్తనం వేసింది ఒక మేకల కాపరి. పైన ఇటుక గోడల దగ్గర ఫ్రేము చూసుకుంటుంటే ఆయన వచ్చి కూర్చున్నాడు. “మామూలప్పుడు మిట్టమజ్జేన్నం ఈ గోడలకి ఏదో ఓ పక్కన సారెడు నీడుంటాది బాబూ. ఎండాకాలంలో ఓ నాలుగు రోజులు ఏ పక్కా ఉండదు. అప్పుడు మేకలు సెట్ల కిందకి పోతాయి” అన్నాడు. “ఏ నాలుగు రోజులు తాతా?” అంటే, మేకలకు తెలుస్తుందన్నాడు.

లెక్క చూసుకుంటే ఆయన మాట అక్షరాలా నిజం. కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్ళకు ఏడాదిలో రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. రామతీర్థం 18 డిగ్రీల అక్షాంశానికి కాస్త పైన ఉంది. కాబట్టి మనకది మే రెండో వారం చివర ఒకసారి, జులై నెలాఖరున ఒకసారి. మేలో ఆ క్షణం గడియారంలో పన్నెండుకు ముందే, 11 గంటల 52 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. దేశం సమయం లెక్కగట్టే 82.5 డిగ్రీల రేఖకు మనం ఒక డిగ్రీ తూర్పున ఉండడం వల్ల నాలుగు నిమిషాలు, ఆ రుతువులో సూర్యుడి నడక వల్ల మరో నాలుగు నిమిషాలు కలిసొస్తాయి.

మే అంటే పెళ్లిళ్ళ కాలం. నాకు ఇల్లు గడిచేది పెళ్లి వీడియోల మీద, ఓణీల వేడుకల మీదే. ఆ వారంలో వచ్చిన ముహూర్తాలు వదులుకున్నాను. అది రక్షిత కట్టడం కనుక స్టాండు పెట్టి తీయడానికి ముందే అనుమతి తీసుకున్నాను.

తూర్పు ముఖంగా ఉన్న ఒక గోడను ఎంచుకున్నాను. ఫ్రేములో ఏడెనిమిది వరసల ఇటుకలు, కింద కాస్త నేల, అంతే. కెమెరా వేడెక్కి ఆగిపోకుండా తెల్ల తువ్వాలు కప్పి, పైన గొడుగు పట్టాను. మధ్యాహ్నపు ఎండలో ఏదీ బాగా పడదని ఛాయాగ్రాహకులంతా ఆ వేళ కెమెరా మూసేస్తారు. ఆ ఎండలోనే అసలు సంగతి కనిపించింది. నేల మీద గులకరాళ్ళ నీడలు కుంచించుకుపోతుంటే, గోడ మీది నీడలు సాగుతున్నాయి. వెలుతురు పైనుంచి గోడను రాసుకుంటూ దిగుతోంది కదా! ముందుకు పొడుచుకొచ్చిన ప్రతి ఇటుక అంచూ కింది వరస మీద నల్లటి గీత దింపింది. పొద్దున చదునుగా కనిపించిన గోడలో ప్రతి ఇటుకా విడివిడిగా లేచి నిలబడింది. అరిగిన మూల, పగిలిన అంచు, సందులో ఇరుక్కున్న వేరు అన్నీ బయటపడ్డాయి. 52వ నిమిషం దాటాక గోడ మెల్లగా నీడలోకి జారింది.

దీన్ని టైమ్‌లాప్స్‌లో తీయొచ్చు. ఐదు సెకన్లకో ఫ్రేము చొప్పున గంటకు 720 ఫ్రేములు, తెర మీద ముప్పై సెకన్లు. అలా చేస్తే నీడ పరిగెత్తుతుంది, ప్రేక్షకుడు ఊరికే కూర్చుంటాడు. అసలు వేగంతో, కోత లేకుండా తొమ్మిది నిమిషాలు ఉంచితే నీడ కదలిక కంటికి ఆనదు. కాసేపటికి “ఇందాక ఈ గీత ఇక్కడ లేదే” అని మనసు పట్టుకుంటుంది. ఆ పట్టుకునే పని ప్రేక్షకుడిది. దాన్ని అతని చేతిలోంచి లాక్కోకూడదు. నా వృత్తి మొత్తం మీద నేను నేర్చుకున్న విలువైన సంగతి ఇదే: ఎంతసేపు చూపాలో తేల్చుకోవడమే దర్శకత్వం. జేమ్స్ బెనింగ్ 2004లో పదమూడు సరస్సులను ఒక్కో షాటు పది నిమిషాల చొప్పున చూపిన ‘13 లేక్స్’ నాకు ఆ ధైర్యం ఇచ్చింది.

శబ్దం విషయంలో నాకు ఆదర్శం దగ్గరే దొరికింది. ఫిల్మ్స్ డివిజన్‌లో 1968లో ప్రమోద్ పతి ‘ఎక్స్‌ప్లోరర్’ తీశారు. సర్కారు సంస్థలోనే అంతటి సాహసం జరిగింది. ఆ సంస్థ చిత్రాలకు ఏళ్ళ తరబడి సంగీతం, శబ్దం కూర్చినవారిలో మన తెలుగు వేణుగాన విద్వాంసుడు విజయ రాఘవరావు ఒకరు. మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’కూ ఆయనే సంగీతం. ఆ ధైర్యంతోనే, కొండ కింది నుంచి గుడి మైకు పాట గాలివాటున వస్తూ పోతూ ఉంటే దాన్ని తుడిచేయకుండా అలాగే ఉంచాను. ఆ పాట వల్లే కొండకు ఎత్తు వచ్చింది.

సినిమాను మొదట ఊళ్ళోనే, ఒక డాబా మీద తెల్ల దుప్పటి కట్టి చూపించాను. మేకల తాత ముందు వరసలో కూర్చున్నాడు. గోడ నీడలోకి జారుతుంటే, “ఇప్పుడు మేకలు తూరుపు పక్కకి వత్తాయి” అన్నాడు. పిల్లలంతా తెరకు దగ్గరగా జరిగి ఆ పక్కే చూశారు.

కథాచిత్రాలకు మనకు పెద్ద మార్కెట్ ఉంది. బి. నర్సింగరావు ‘మా ఊరు’ లాంటివి ఉన్నా, కథ లేని సినిమాకు మన దగ్గర దారి ఇంకా సన్ననిదే. ఆ దారిని వెడల్పు చేయడానికి డబ్బు కన్నా చూసే ఓపిక ఎక్కువ కావాలి. నెల్లిమర్ల, విజయనగరం పిల్లలు ఫోన్లు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. రోజూ చూసే చోటు ఒకటి ఎంచుకోండి. అక్కడ బతికేవాళ్ళను అడగండి, మీకు తెలియనిది వాళ్ళకు తెలుసు. రికార్డు నొక్కాక విసుగు పుట్టిన చోట ఆపకండి. ఆ విసుగు దాటాకే చూపు మొదలవుతుంది.