గోడ లేని పాత్ర

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ప్లాస్మాతో పనేమిటని పాఠకులలో కొందరైనా అనుకోవచ్చును. పని ఉన్నది. ఒకనాడు ఛందస్సు పాఠం ముగిసిన తరువాత భౌతికశాస్త్రం చదువుతున్న విద్యార్థి ఒకడు నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, సూర్యునికంటె వేడియైన పదార్థాన్ని అయస్కాంతంతో పట్టి ఉంచుతారట. అయస్కాంతం మరింత బలంగా ఉంటే చాలదా? అసలు ఇదంతా తెలుగులో చెప్పడానికి వీలవుతుందా?" అని అడిగాడు. వీలుకాదనే జవాబును అతడు ముందే సిద్ధం చేసుకొని వచ్చినట్లు తోచింది. ఇంటిలో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు నడుమ తిరిగే మన విద్యార్థికి ఏ భాషలోను విషయం తనది కాకుండా పోయే ప్రమాదమున్నది. అందుచేత కొంత చదివి, సైన్సు శాఖలోని మిత్రులను విసిగించి, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

తేలికైన పరమాణు కేంద్రకాలు రెండు కలిసి ఒకటైతే అపారమైన శక్తి వెలువడుతుంది. సూర్యుడు చేసే పని ఇదే. సూర్యగర్భంలో వేడి సుమారు కోటిన్నర డిగ్రీలు. అక్కడి ఒత్తిడి మనకు లేదు గనుక భూమిమీద 10 కోట్ల డిగ్రీలు దాటవలసి ఉన్నది. ఆ వేడిలో వాయువు విడివడి ధన, ఋణ కణాల కలగలుపుగా మారుతుంది. అదే ప్లాస్మా. దానికి గోడ తగిలితే గోడ చెడుతుంది, ప్లాస్మా చల్లబడి ఆరిపోతుంది. పాత్ర కావాలి, గోడ ఉండరాదు. అయితే విద్యుదావేశం గల కణం అయస్కాంత బలరేఖను దాటి సులభంగా అడ్డంగా పోలేదు. రేఖ చుట్టూ సుడులు తిరుగుతూ దాని వెంటనే సాగుతుంది. కాబట్టి బలరేఖలనే గోడలుగా కట్టుకోవాలి.

తిన్నని గొట్టమైతే ప్లాస్మా రెండు కొనలనుండి కారిపోతుంది. కొనలు లేకుండా గొట్టాన్ని వంచి కలిపితే మన వంటింటి చిల్లుగారె ఆకారం వస్తుంది. చిక్కు ఇక్కడనే మొదలవుతుంది. దాని చుట్టూ బిగించిన తీగచుట్టలు చిల్లు వైపు దగ్గరగా, వెలుపలి వైపు ఎడంగా ఉంటాయి. అందువల్ల క్షేత్రం లోపలి వైపు బలంగా, వెలుపల బలహీనంగా ఉంటుంది. ఈ తేడావల్ల ధనకణాలు ఒక దిక్కుకు, ఋణకణాలు మరొక దిక్కుకు, అంటే పైకీ క్రిందికీ, మెల్లగా జరుగుతాయి. ఆవేశాలు విడిపోగానే వాటి నడుమ విద్యుత్ క్షేత్రం పుట్టి మొత్తం ప్లాస్మాను వెలుపలి గోడ మీదికి త్రోసివేస్తుంది. అయస్కాంతాన్ని రెట్టింపు బలంగా చేసినా ఈ జబ్బు నెమ్మదిస్తుందేగాని కుదరదు. జబ్బు ఆకృతిలో ఉన్నది.

దీనికి మందు మెలి. పేనిన నులకలోని పోగువలె బలరేఖ గారె చుట్టూ పోతూనే పైనుండి క్రిందికి, క్రిందినుండి పైకి తిరగాలి. అప్పుడు పైన చేరిన ఆవేశం రేఖ వెంట దిగి వచ్చి క్రిందిదానితో సమమవుతుంది.

మెలి పెట్టడంలో రెండు సంప్రదాయాలు ఏర్పడినాయి. 1951లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో లైమన్ స్పిట్జర్ గొట్టాన్నే 8 అంకెవలె మెలివేయాలన్నాడు. అది స్టెల్లరేటర్. దాదాపు అదే కాలంలో సోవియట్ దేశంలో తామ్, సఖరోవ్ ప్లాస్మాలోనే విద్యుత్తును ప్రవహింపజేసి, దాని అయస్కాంత క్షేత్రంతో మెలి పుట్టించవచ్చునన్నారు. అది టోకమాక్. ఆ పేరు కొన్ని రష్యన్ మాటల ముక్కలను అతికి కట్టినది. మన వైయాకరణులు దానిని ఏ సమాసమంటారో తెలియదు!

1968లో తమ టి-3 యంత్రం కోటి డిగ్రీల దరిదాపులకు చేరిందని సోవియట్ శాస్త్రజ్ఞులు ప్రకటించగా పశ్చిమ దేశాలవారు నమ్మలేదు. వారు వాదులాడుతూ కూర్చోలేదు. ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న ఆ రోజులలోనే బ్రిటన్‌లోని కల్హామ్ నుండి ఒక బృందం టన్నులకొద్దీ లేజర్ పరికరాలు తీసుకొని మాస్కో వెళ్లి, 1969లో కొలిచి, నిజమేనని తేల్చింది. ప్రిన్స్‌టన్‌వారు వెంటనే తమ పెద్ద స్టెల్లరేటర్‌ను విప్పి టోకమాక్‌గా మార్చుకున్నారు. ఈ కథలో నాకు ఎక్కువ నచ్చినది ఆ కొలతకోసం చేసిన ప్రయాణమే.

తరువాత ఆకృతిలోనే మరొక మార్పు వచ్చింది. గుండ్రని ప్లాస్మాను నిలువుగా సాగదీసి ఇంగ్లీషు 'డి' అక్షరంవలె చేస్తే, అదే క్షేత్రంలో ఎక్కువ విద్యుత్తును నిలకడగా మోయగలదు. వేడి ఎక్కువసేపు నిలుస్తుంది. కల్హామ్‌లో 1983లో మొదలైన జెట్ యంత్రం ఈ తీరుదే. ఇందుకు మూల్యమున్నది. సాగదీసిన ప్లాస్మా నిలువునా జారిపోజూస్తుంది. దానిని క్షణక్షణం సరిచేస్తూ ఉండాలి. గాంధీనగర్ సమీపంలో 1989లో పని ప్రారంభించిన మన 'ఆదిత్య'లో ప్లాస్మా గుండ్రనిది. 2016లో దానిని మార్చి కట్టినప్పుడు ఇట్టి ఆకృతులకు వీలు కల్పించారు.

టోకమాక్‌కు ఒక గండం మిగిలే ఉన్నది. లోపలి విద్యుత్తు ఒక్కొక్కప్పుడు సెకనులో వెయ్యవవంతుల కాలంలోనే కుప్పకూలుతుంది. స్టెల్లరేటర్‌లో మెలి అంతా బయటి తీగచుట్టలదే కనుక ఆ భయం లేదు. కాని వాటి వంపులు కంప్యూటర్ లెక్కలు లేనిదే తేలవు. జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్‌లో 2015లో మొదలైన వెండెల్‌స్టైన్ 7-ఎక్స్‌లో ఇట్టి వంకర చుట్టలు 50 ఉన్నాయి. చూడటానికి ఎవరో కోపంతో నలిపి పారవేసినట్లుంటాయి. అయినా 2023లో అది ప్లాస్మాను 8 నిమిషాలు నిలిపింది. నా పక్షపాతం దానివైపే.

కరెంటు బిల్లు సంగతి అడిగేవారు ఉంటారు. జెట్ 2023లో చేసిన ప్రయోగంలో సుమారు 0.2 మిల్లీగ్రాముల ఇంధనంతో 69 మెగాజౌళ్ల శక్తి వచ్చింది. మన మీటరు లెక్కలో 19 యూనిట్లు. ప్లాస్మాను వేడిచేయడానికి పోసినది అంతకంటె ఎక్కువ.

జెట్ ఆ డిసెంబరులోనే శాశ్వతంగా ఆగిపోయింది. చివరి రోజులలో అక్కడివారు అంతకుముందు ఆ యంత్రంలో చేయని పని ఒకటి చేశారు. 'డి' అక్షరాన్ని ఎడమకు త్రిప్పినట్లు, తలక్రిందు ఆకృతిలో ప్లాస్మాను నిలిపి చూశారు.